"ప్రభువు చెప్పమన్నాడు" అన్న మాటను ఎలా పరీక్షించాలి?

ప్రశ్న: మూడు వారాల క్రితం మా సంఘంలో జరిగిన ఉపవాస ప్రార్థనకు ఒక దైవసేవకుడు వచ్చారు. నా తలమీద చేయి ఉంచి, "ప్రభువు నిన్ను సేవకు ఏర్పరచుకున్నాడు, ఉద్యోగం వదిలెయ్యమంటున్నాడు, మూడు నెలల్లో లోబడకపోతే ఈ ద్వారం మూసుకుపోతుంది" అన్నారు. తర్వాత పక్కకు పిలిచి, మా ఆయనకు ఇంకా విశ్వాసం చాలదని, ఆయనకు ఇప్పుడే చెప్పొద్దని అన్నారు. లోబడుతున్నాననడానికి గుర్తుగా ఒక నెల జీతం కానుక ఇవ్వమన్నారు. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకుని బైబిలు తెరిస్తే ఆదికాండము 12:1 వచ్చింది. నాలుగు రోజులకు, నేను వాక్యం చెబుతున్నట్టు కల వచ్చింది. మనసులో సమాధానం ఉంది గానీ రాత్రిళ్లు భయమేస్తోంది. ఇది నిజంగా దేవుని మాటేనా? ఆలస్యం చేస్తే ఆయన కోప్పడతాడా? – ఒక సోదరి

సమాధానం: సోదరీ, వందనాలు. ముందుగా ఒక్క మాట. ఈ ఉత్తరం పూర్తిగా చదివి, ఇందులో చెప్పినవి చేసేదాకా రాజీనామా ఇవ్వకండి, ఆ కానుకా ఇవ్వకండి. ఆ రెండూ ఒకసారి చేశాక వెనక్కి తీసుకోవడం కష్టం. పరీక్షించడానికి మీకింకా రెండు నెలల పైనే ఉంది.

మీ భయంలో సగం, "పరీక్షిస్తే అవిశ్వాసం అవుతుందేమో" అన్న ఆలోచన నుంచి పుట్టింది. పౌలు థెస్సలొనీక సంఘానికి రాస్తూ "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అన్న వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు. ఈ రెండు ఆజ్ఞలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదానికి లోబడి రెండోదాన్ని వదిలేస్తే సగమే లోబడినట్టు. ఆత్మవరాలకు కొదువలేని కొరింథు సంఘానికి కూడా ఆయన పెట్టిన క్రమం ఇదే: ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడాలి, తక్కినవాళ్లు వివేచించాలి. అంటే ప్రవచనం వినడం ఎంత ఆత్మీయమో, దాన్ని తూచి చూడడమూ అంతే ఆత్మీయం. మిమ్మల్ని పరీక్షించవద్దని ఎవరైనా అంటే, వాళ్లు మిమ్మల్ని వాక్యానికి అవిధేయులు కమ్మని అడుగుతున్నట్టే.

ఇక పని మొదలుపెడదాం. ఒక నోటుపుస్తకం తీసుకుని, ఆయన అన్న మాటలు ఎంతవరకు గుర్తుంటే అంతవరకు, ఉన్నదున్నట్టు రాయండి. రికార్డింగు ఉంటే విని రాయండి. మూడు వారాలు మనసులో నానిన మాట మెల్లగా రూపం మారుతుంది. మనం కోరుకున్నది, భయపడినది అందులో కలిసిపోతాయి. రాశాక దాన్ని మూడు భాగాలు చేయండి: ఆయన చూశానన్నది ఏమిటి, దానికి ఆయన చెప్పిన అర్థం ఏమిటి, అందువల్ల మీరు చేయాలన్నది ఏమిటి. "సేవకు ఏర్పరచుకున్నాడు" అన్నది మొదటిది. "అంటే ఉద్యోగం మానాలి" అన్నది అర్థం. మూడు నెలల గడువు, భర్తకు చెప్పకపోవడం, నెల జీతం – ఇవన్నీ చేయాల్సిన పనులు. మొదటి ముక్క నిజమైనంత మాత్రాన తక్కినవన్నీ దాని వెంట నిజమైపోవు.

అపొస్తలుల కార్యములు 21లో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన చేతులూ కాళ్లూ కట్టుకుని, ఈ నడికట్టు గలవాణ్ని యెరూషలేములో ఇలాగే బంధిస్తారని చెప్పాడు. అక్కడున్న విశ్వాసులు అది విని, వెళ్లొద్దని పౌలును ఏడుస్తూ బతిమాలారు. మాట ఒకటే. అగబు మాత్రం వెళ్లొద్దని అనలేదు; ఆ ముగింపు ప్రేమతో ఉన్న మనుషులు తీసినది. పౌలు సంకెళ్ల సంగతి ఒప్పుకున్నాడు, ప్రయాణం మానలేదు. మన మధ్య ప్రవచనాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందినది కొంచెం, దానికి చేర్చినది చాలా.

ఇలా అన్నందుకు ఆ సేవకుణ్ని అబద్ధికుడని అనాల్సిన పని లేదు. నాతాను నిజమైన ప్రవక్త. మందిరం కడతానని దావీదు అంటే, "యెహోవా నీకు తోడుగా ఉన్నాడు, నీ మనసులో ఉన్నదంతా చెయ్యి" అని అప్పటికప్పుడే చెప్పేశాడు. అది దేవుని మాట కాదు, నాతాను మంచి మనసు. ఆ రాత్రే దేవుడు అతణ్ని సరిదిద్దాడు, అతను తిరిగి వెళ్లి దావీదుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. సేవకుడి చిత్తశుద్ధి చూసి సందేశానికి ముద్ర వేయకండి. మాటను మాటగానే పరీక్షించండి.

ఇక మీ ఉత్తరంలో మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టిన విషయానికి వద్దాం: భర్తకు చెప్పొద్దనడం. ఉద్యోగం మానకూడదని బైబిల్లో ఎక్కడా లేదు, కాబట్టి "వాక్యానికి విరుద్ధం కాదు కదా" అని మీకు అనిపించవచ్చు. కానీ వాక్య పరీక్ష అంటే ఒక వచనం ఎదురొస్తుందా అని వెతకడం ఒక్కటే కాదు, దేవుడు మనుషులతో వ్యవహరించే తీరుకు ఇది సరిపోతుందా అని కూడా చూడాలి. న్యాయాధిపతులు 13వ అధ్యాయం ఈ రాత్రి నెమ్మదిగా చదవండి. దూత మానోహ భార్యకు ఒంటరిగా కనబడి, బిడ్డ పుడతాడని చెప్పాడు. ఆమె చేసిన మొదటి పని భర్త దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పడం. ఆ మనిషి ఎక్కణ్నించి వచ్చాడో తాను అడగలేదని, తన పేరు అతను చెప్పలేదని కూడా దాచకుండా చెప్పింది. మానోహ కోప్పడలేదు, కొట్టిపారేయలేదు. పంపినవాణ్ని మళ్లీ పంపమని దేవుణ్ని వేడుకున్నాడు. దేవుడు ఆ మొర విన్నాడు, దూత మళ్లీ వచ్చాడు. ఈసారీ ఆమె పొలంలో ఒంటరిగానే ఉంది. ఆమె పరుగెత్తి భర్తను పిలుచుకొచ్చేదాకా దూత అక్కడే ఉన్నాడు. "ఈమెతో మాట్లాడింది నువ్వేనా?" అని మానోహ అడిగితే "నేనే" అన్నాడు, ముందు చెప్పిన మాటలే తిరిగి చెప్పాడు. భర్త అడిగాడని సందేశం మారలేదు, గడువూ దాటిపోలేదు.

మరియ విషయంలోనూ అంతే. యోసేపుకు అర్థం కాక ఇబ్బంది పడుతుంటే, దేవుడు అతనికే కలలో చెప్పాడు. ఒకే ఇంట్లో ఇద్దరి బతుకూ మారిపోయే పనికి ఒకరికి మాత్రమే చెప్పి, రెండోవారి దగ్గర దాచమనడం ఆయన పద్ధతి కాదు. రహస్యం ఎందుకు కోరతారో ఆలోచించండి. ప్రశ్న అడిగేవాళ్లు పక్కన లేకపోతే మాట బలంగా వినిపిస్తుంది. (నాబాలు లాంటి క్రూరుడితో ఉండేవాళ్ల సంగతి వేరు. అతని భార్య అబీగయీలు ఆపద తప్పించేదాకా చెప్పలేదు, మర్నాడు పొద్దున చెప్పేసింది. మీ భర్త హింసించే మనిషైతే ముందు నమ్మకమైన పెద్దల దగ్గరికి వెళ్లండి. మీరు రాసినదాన్ని బట్టి అలా అనిపించలేదు.)

రెండోది డబ్బు. మొదటి తరాల క్రైస్తవులు ఊరూరా తిరిగే ప్రవక్తల విషయంలో రాసిపెట్టుకున్న "దిదాకే" అనే చిన్న నియమావళి ఉంది. ఆత్మలో ఉన్నానంటూ "నాకు డబ్బు ఇవ్వండి" అనేవాడి మాట వినొద్దని, అవసరంలో ఉన్న ఇతరుల కోసం ఇవ్వమంటే మాత్రం అతనికి తీర్పు తీర్చొద్దని అందులో స్పష్టంగా ఉంది. కుష్ఠు బాగైన నయమాను ఇచ్చిన కానుకను ప్రవక్త ఎలీషా ఎంత బలవంతం చేసినా తీసుకోలేదు. వెనకాల పరుగెత్తి తీసుకున్న అతని సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది. ఇక పౌలు రాసిన కొలత: "సణుగుకొనకయు బలవంతముగా కాకయు, ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను." మీ కానుక మొత్తం మీ హృదయంలో నిశ్చయమైందా, ఇంకొకరి నోట వచ్చిందా? సందేశం చెప్పినవారికే ఆ డబ్బు చేరుతుందంటే, పరీక్ష పూర్తయ్యేదాకా ఇవ్వకపోవడం పిసినారితనం కాదు.

మూడోది గడువు. బైబిల్లో గడువులు లేకపోలేదు. నీనెవెకు నలభై రోజులు ఇచ్చారు. కానీ ఆ గడువు పశ్చాత్తాపపడడానికి, అందరికీ వినబడేలా చాటినది. యిర్మీయా 42 చూడండి. యెరూషలేము కూలిపోయింది, బబులోను రాజు నియమించిన అధిపతి గెదల్యాను చంపేశారు, బబులోనువాళ్లు పగ తీర్చుకుంటారని మిగిలినవాళ్లు వణికిపోతున్నారు. అంతకన్నా అత్యవసరం ఏముంటుంది? అయినా వాళ్లు దేవుని చిత్తం అడగమంటే యిర్మీయాకు వాక్కు వచ్చింది పది రోజుల తర్వాత. అంత గొప్ప ప్రవక్త పది రోజులు ఖాళీ చేతులతో ఉన్నాడు, సొంతంగా ఏదీ అల్లలేదు. ఆ మనుషుల తప్పూ గమనించండి: అడగకముందే ఐగుప్తుకు బయలుదేరి, దారిలో ఆగి అడిగారు. జవాబు నచ్చకపోయేసరికి "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అన్నారు. కాబట్టి మీ నోటుపుస్తకంలో ఒక పేజీ మీ కోసం ఉంచండి. ఆ సేవకుడు రాకముందు ఉద్యోగం మానాలని మీలో ఎంత కోరిక ఉంది? పైఅధికారితో గొడవలు, అలసట, ఇంటి దగ్గర ఉండాలన్న ఆశ – ఏవైనా ఉంటే దాచకుండా రాయండి. కోరిక ఉండడం తప్పు కాదు, కోరిక ఉందని తెలియకపోవడం ప్రమాదం.

ఇప్పుడు మీరు "నిర్ధారణలు" అనుకుంటున్న మూడింటి సంగతి. నిర్ధారణ అంటే మొదటి మాట తెలియని చోట నుంచి వచ్చినది. ఒకే సాక్షి మూడుసార్లు చెబితే ముగ్గురు సాక్షులు కారు.

బైబిలు తెరవడం: ఆ రోజు ఎన్నిసార్లు తెరిచారు? ఏ వచనాలు చూసి, వర్తించవని పేజీ తిప్పేశారు? అవీ రాయండి. మనం అతికేవాటిని గుర్తుపెట్టుకుంటాం, అతకనివాటిని మరిచిపోతాం. పైగా ఆదికాండము 12:1 అబ్రామును ఊరూ బంధువులనూ తండ్రి ఇంటినీ విడవమంటుంది. 5వ వచనంలో అతను భార్య శారయిని వెంటబెట్టుకునే బయలుదేరాడు. ఆ వచనాన్నే సాక్ష్యంగా తీసుకుంటే, అది భర్తకు చెప్పకుండా నడవమని చెప్పడం లేదు.

కల: నాలుగు రోజులుగా పగలంతా ఆలోచిస్తున్న విషయం రాత్రి కలలోకి రావడం సహజం. దేవుడు కలల్లో మాట్లాడడని కాదు. కానీ యోసేపులకు, దానియేలుకు కలల్లో తెలిసినవి వాళ్లకు అప్పటికి తెలియనివి. మీ కల మీ మనసు ఎటు మొగ్గుతోందో చెబుతోంది. దానికి అంతకుమించి బరువు ఇవ్వొద్దు.

మనసులోని సమాధానం: దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది విశ్వాసులు ఈ ఒక్కదాని మీదే పెద్ద నిర్ణయాలు తీసుకుంటారు. యోనా దేవుని నుంచి పారిపోతూ, తుపానులో, ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. ప్రభువు గెత్సేమనేలో తండ్రి చిత్తం మధ్యలోనే నిలబడి వేదనపడ్డాడు. నెమ్మది ఉంటే దేవుని చిత్తం, లేకపోతే కాదు అనే లెక్క ఈ ఇద్దరి దగ్గరా తప్పుతుంది. ఎటూ తేలని స్థితి తీరిపోతే వచ్చే ఊరట కూడా సమాధానంలాగే ఉంటుంది.

అలాగని లోపలి కదలికలకు విలువ లేదని కాదు. వాటిని చూసే పద్ధతి ఉంది. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి మంచం పట్టిన ఇగ్నేషియస్ లొయోలా అనే స్పెయిన్ సైనికుడు ఒకటి గమనించాడు. వీరుడిగా పేరు తెచ్చుకోవాలన్న ఊహలు వస్తున్నంతసేపూ తియ్యగా ఉండేవి, తర్వాత మనసు ఎండిపోయేది. క్రీస్తును వెంబడించిన భక్తుల్లా బతకాలన్న ఆలోచనలు మాత్రం పోయిన తర్వాత కూడా ఆనందాన్ని మిగిల్చేవి. అంటే ఆ క్షణాన ఏమనిపించింది అన్నది కాదు, తర్వాత ఏమి మిగిలింది అన్నది చూడాలి. ఆయనే ఇంకో నియమం పెట్టాడు: మనసు చీకటిగా, కలతగా ఉన్న కాలంలో కొత్త నిర్ణయం తీసుకోవద్దు, ముందు చేసుకున్న నిర్ణయంలోనే నిలబడాలి. మీరు రాత్రిళ్లు భయపడుతున్నారు. ఈ నియమం మీకోసమే.

అందుకే ప్రతి రాత్రీ రెండు వాక్యాలు రాయండి: ఈ సందేశం తలచుకుంటే ఇవాళ ఏమి కలిగింది, దాని తర్వాత ఇంట్లో, పనిలో నేనెలా ప్రవర్తించాను. "పైనుండివచ్చు జ్ఞానము" మొట్టమొదట పవిత్రమైనదని, తరువాత సమాధానకరమైనదని, మృదువైనదని, సులభముగా లోబడునదని యాకోబు రాశాడు. ఆ సందేశం వల్ల మీరు ఓర్పుగా మారుతున్నారా, లేక భర్త విశ్వాసాన్ని లోలోపల తక్కువ చూడడం మొదలైందా? భయాన్ని కూడా విడదీసి చూడండి. దేవుని ఆత్మ ఒప్పించేటప్పుడు ఫలానా తప్పు అని వేలుపెట్టి చూపిస్తాడు, బయటపడే దారీ చూపిస్తాడు. ఏ తప్పో తెలియకుండా, "ఏదో జరిగిపోతుంది" అని గుండె పిండే భయానికి ఆ గుర్తు లేదు.

జరిగితే నమ్మొచ్చా అంటే, అదీ చాలదు. చెప్పినది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదని ద్వితీయోపదేశకాండము 18 అంటుంది. చెప్పిన సూచన జరిగినా, వేరే దేవతల వెంట నడిపించేవాడి మాట వినొద్దని 13వ అధ్యాయం అంటుంది. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి: జరగనప్పుడు ఆ వాక్యం లెక్క అడిగేది చెప్పినవాణ్ని, విన్నవాణ్ని కాదు. "నీకు విశ్వాసం చాలక నెరవేరలేదు" అని రేపు ఎవరైనా అంటే ఆ నింద మోయకండి.

చేయాల్సిన పనులకు వద్దాం. ఇవాళో రేపో మీ ఆయనతో కూర్చుని, నోటుపుస్తకంలో రాసినదంతా చదివి వినిపించండి, చెప్పొద్దన్న మాటతో సహా. తర్వాత ముగ్గురిని అడగండి: వాక్యం బాగా తెలిసినవారొకరు, మిమ్మల్ని ఏళ్ల తరబడి ఎరిగినవారొకరు, మీరు ఉద్యోగం మానినా మానకపోయినా తమకు లాభనష్టాలు లేనివారొకరు. అడిగేటప్పుడు "దేవుడు నాకిలా చెప్పాడు" అని మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే మంచివాళ్లు కూడా నోరు మూసుకుంటారు. "నాకు ఇలా చెప్పారు, మీకేమనిపిస్తోంది?" అనండి. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే వాళ్ల జవాబులు రాసుకోండి.

మీ కాపరి ద్వారా ఆ సేవకుణ్ని మూడు ప్రశ్నలు అడిగించండి. ఇందులో మీకు అందినది ఎంత, మీరు వివరించినది ఎంత? భర్తకు చెప్పొద్దన్నది ప్రభువు మాటా, మీ సలహానా? ఈ సందేశాన్ని సంఘ పెద్దల ముందు పెట్టడానికి ఒప్పుకుంటారా? నిజాయితీగల సేవకుడు, పొరపాటు పడినా సరే, నాతానులాగా వెనక్కి వచ్చి సరిచేస్తాడు. కోపం, శాపం, "అభిషిక్తుణ్ని ప్రశ్నిస్తావా" అన్న బెదిరింపు వస్తే, దాన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. అదీ ఒక జవాబే.

సేవకు పిలుపు ఉందా లేదా అన్నది రాజీనామాతో కాకుండా సేవతోనే తెలుసుకోవచ్చు. ఆరు వారాలపాటు వారానికి రెండు సాయంత్రాలు, ఉద్యోగం చేస్తూనే, సంఘంలో ఎవరూ ముందుకురాని పని ఒకటి తీసుకోండి: జబ్బుపడినవాళ్లను చూసి రావడం, పిల్లలకు వాక్యం నేర్పడం. వేదిక లేని చోట కూడా ఆ భారం మీలో పెరుగుతుంటే, మీవల్ల మేలు కలుగుతోందని ఇతరులు వాళ్లంతట వాళ్లే అంటుంటే, అది మీ కలకన్నా చాలా బరువైన సాక్ష్యం. ఈలోగా ఇద్దరూ కూర్చుని అప్పులు, మీ మీద ఆధారపడినవాళ్లు, ఒక్క జీతంతో ఎన్నాళ్లు గడుస్తుంది అన్నది కాగితం మీద లెక్క వేయండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే.

ఈ ప్రశ్న అడిగే ఇతరుల కోసం కూడా ఒక సంగతి చెప్పి తీరాలి. "స్వస్థత అయిపోయింది, మందులు ఆపెయ్" అని ఎవరు చెప్పినా, ఎంత గొప్ప సేవకుడైనా, డాక్టరు చెప్పేదాకా ఆపకండి. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్లి యాజకునికి కనుపరచుకొమ్మన్నాడు; బాగైనవాణ్ని పరీక్షించి తేల్చే బాధ్యత అప్పుడు యాజకుడిది. నిజమైన స్వస్థత పరీక్షలో నిలుస్తుంది. అలాగే ఎవరికైనా రోజుల తరబడి నిద్ర లేకుండా స్వరాలు వినిపిస్తుంటే, తమకో ఇతరులకో హాని చేయమని ఆ స్వరం ఆజ్ఞాపిస్తుంటే, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన ఆపనక్కర్లేదు, రెండూ కలిసి సాగాలి.

ఆరు వారాల తర్వాత నోటుపుస్తకం మొదటి పేజీ తీసి, మూడు భాగాల్నీ విడివిడిగా తేల్చండి. "సేవకు ఏర్పరచుకున్నాడు" అన్నది నిలబడి, తక్కినవి రాలిపోవచ్చు. అప్పుడు నిలిచినదాన్ని పట్టుకుని, ఉద్యోగంలో ఉంటూనే సేవ సాగించండి. ఉద్యోగం మానడం కూడా నిలబడితే, మీ ఆయన ఒప్పుదలతో, పద్ధతి ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి మానండి. ఏదీ నిలబడకపోతే అలాగే వదిలేయండి, నిద్రపోండి.

ఆలస్యం చేస్తే దేవుడు కోప్పడతాడా అని అడిగారు. బాలుడైన సమూయేలు దేవుడు పిలిచినప్పుడు మూడుసార్లు పొరబడి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. మూడోసారికి గానీ ముసలి ఏలీకి కూడా అర్థం కాలేదు. దేవుడు ఇద్దరిలో ఎవరినీ ఆ పొరపాటుకు గద్దించలేదు. నాలుగోసారి వచ్చి, నిలిచి, పేరుపెట్టి పిలిచాడు.